ముసుగు వెనక ముగ్గురు

1938లో అమెరికాలో శనివారం మధ్యాహ్నం ఆటకు వెళ్ళే పిల్లల ముందు రిపబ్లిక్ పిక్చర్స్ వాళ్ళు ఒక పొడుపుకథ పెట్టారు. టెక్సస్‌లో ఐదుగురు యువకులున్నారు. ఐదుగురిదీ ఇంచుమించు ఒకే ఒడ్డూ పొడవూ, ఒకే రకం దుస్తులు. అందరికీ స్వారీ వచ్చు, అందరికీ తుపాకి గురి ఉంది. వాళ్ళలో ఒకడు ముసుగు తగిలించుకుని, తెల్లగుర్రం ఎక్కి దుర్మార్గుల మీద పడుతుంటాడు. ఎవడతను? తెలియాలంటే పదిహేను వారాలు హాలుకు రావాలి. వారాలు గడిచేకొద్దీ ఆ ఐదుగురిలో ఒక్కొక్కరే ప్రాణాలు వదులుతుంటారు. చివరికి మిగిలినవాడు లోన్ రేంజర్.

కౌబాయ్ సినిమాలు ఇష్టపడేవాళ్ళలో కూడా ఈ పాత సీరియళ్ళను పట్టించుకునేవాళ్ళు తక్కువ. పిల్లల సరుకని, చవక సరుకని తీసిపారేస్తారు. నాకు మాత్రం వాటి మీద ప్రేమ. అప్పటి పిల్లలు చూసినట్టే వారానికి ఒక్క భాగమే చూస్తాను. హీరో కొండ అంచు నుంచి జారిపోతున్నప్పుడు భాగం అయిపోతే, తర్వాతిది వెంటనే దొరుకుతుందని తెలిసినా ఆగుతాను. ఆ వారం రోజుల ఎడం ఈ కళకు ప్రాణం. ఒక్క రాత్రిలో వరసపెట్టి చూస్తే అవే గుర్రాలు, అవే రాళ్ళు, అవే గుద్దులు. వారం ఆగి చూస్తే మనిషి కదలిక కనబడుతుంది. ఈ వారం రాయదలచుకున్నది ఆ కదలిక గురించే.

లోన్ రేంజర్ పుట్టింది తెర మీద కాదు, రేడియోలో. 1933 జనవరి చివర్లో డెట్రాయిట్‌లోని డబ్ల్యూఎక్స్‌వైజెడ్ స్టేషన్ నుంచి ఆ నాటకం మొదలైంది. స్టేషన్ యజమాని జార్జ్ ట్రెండిల్. నాటకాలు రాసినవాడు ఫ్రాన్ స్ట్రైకర్. ఒంటరి వీరుడు తనలో తనే మాట్లాడుకుంటూ పోతే శ్రోతకు కథ అందదు కాబట్టి కొన్ని నాటకాల తర్వాత టోంటో అనే ఆదివాసీ సహచరుణ్ణి తెచ్చారు. అయితే రేడియోలో ముసుగు మాటవరసకు ఉండేదే. వినేవాడికి ఎలాగూ ముఖం కనబడదు. తెర మీదకు వచ్చేసరికి ఆ ముసుగు కళ్ళెదుట నిలబడింది. రిపబ్లిక్ వాళ్ళు దాన్నే కథకు ఇరుసు చేసుకున్నారు. వాళ్ళు తయారుచేసిన మాస్కు కళ్ళ మీద కట్టే చిన్న పట్టీ కాదు, ముఖంలో చాలా భాగాన్ని కప్పేస్తుంది.

మరి ఆ మాస్కు కింద ఎవరున్నారు? కథ ప్రకారం ఆలెన్ కింగ్. ఆ పాత్ర వేసిన నటుడు లీ పవెల్. కానీ మాస్కుతో రేంజర్ మాట్లాడినప్పుడల్లా మనకు వినిపించేది పవెల్ గొంతు కాదు, బిల్లీ బ్లెచర్ అనే డబ్బింగ్ కళాకారుడిది. 1933లో డిస్నీ తీసిన మూడు పంది పిల్లల కార్టూన్‌లో తోడేలుకు గొంతిచ్చినవాడు ఆయనే. పవెల్ గొంతు వినిపిస్తే గుట్టు మొదటి వారమే బయటపడిపోతుంది కాబట్టి ఈ ఏర్పాటు. ఇక పరుగెత్తే గుర్రం మీద నుంచి దూకాల్సి వచ్చినప్పుడు, బండి మీద తన్నులాట జరిగినప్పుడు, ముసుగులో ఉన్నది పవెలూ కాదు, బ్లెచరూ కాదు. మూడో మనిషి, మన వాళ్ళ మాటలో డూప్.

ఒక ముఖం, ఒక గొంతు, ఒక ఒళ్ళు. ఈ ముగ్గురూ కలిస్తే ఒక వీరుడు. వీళ్ళలో అసలు వీరుడెవరని నన్నడిగితే నేను మూడో మనిషినే చూపిస్తాను. ముసుగు కౌబాయ్ సీరియళ్ళలో నటుడు డూప్‌కు సాయం చేస్తున్నట్టుంటుంది. నటుడు నాలుగు మాటలు చెప్పి పక్కకు తప్పుకుంటాడు, కథంతా డూప్ భుజాల మీద నడుస్తుంది. మిగతా సినిమాల్లో డూప్‌ను దాచడానికి కెమెరాను వెనక్కి జరపాలి, ముఖం కనబడే ముందే షాటు కోయాలి. ముసుగు ఉంటే ఆ తిప్పలే లేవు. కెమెరా దగ్గరికి రావచ్చు, డూప్ నేరుగా దానివైపే దూసుకురావచ్చు. స్టంట్ మనిషిని దాచిన ముసుగే అతన్ని తెర మధ్యకు తెచ్చింది.

నిర్మాతలకు ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. హెర్బర్ట్ యేట్స్ 1935లో చిన్నచిన్న కంపెనీలను కలిపి నిలబెట్టిన స్టూడియో రిపబ్లిక్. పెద్ద తారలు లేరు, పెద్ద పెట్టుబడి లేదు. సీరియల్ అంటే 12 లేదా 15 భాగాలు. మొదటిది అరగంట, మిగతావి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. మొత్తం కలిపితే రెండు సినిమాల కంటే ఎక్కువ నిడివి, అది కొద్ది వారాల్లో పూర్తికావాలి. అందుకే విలియం విట్నీ, జాన్ ఇంగ్లిష్ అనే ఇద్దరు దర్శకులు రోజు మార్చి రోజు తీసేవాళ్ళు. ఒకరు తీస్తుంటే మరొకరు తర్వాతి రోజు పని సిద్ధం చేసుకునేవారు. ఎక్కువగా విట్నీ ఆరుబయట గుర్రాల పని చూసుకుంటే, ఇంగ్లిష్ గదుల్లో మాటల సన్నివేశాలు చూసుకునేవాడు. హీరో ముఖం ఒకరోజు పని, ఒళ్ళు ఇంకోరోజు పని. ముసుగు ఈ రెండు రోజులనూ అతుకు కనబడకుండా కలిపేస్తుంది.

వీళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి సీరియల్ 1937 నాటి ‘జోరో రైడ్స్ అగెయిన్’. జోరో అప్పటికే పాతవాడు. జాన్‌స్టన్ మెకల్లీ 1919లో రాసిన కథ నుంచి వచ్చి, 1920లో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ సినిమాతో లోకమంతా తిరిగాడు. ఈ సీరియల్‌లో హీరో జాన్ కారల్ మంచి గాయకుడు. నల్లముసుగు వేసుకుని గుర్రమెక్కే జోరో మాత్రం చాలావరకు యాకిమా కనట్.

కనట్ గురించి తీరికగా చెప్పాలి. 1895లో వాషింగ్టన్ రాష్ట్రంలో పుట్టాడు. అసలు పేరు ఈనస్ ఎడ్వర్డ్ కనట్. రోడియోల్లో బెదురు గుర్రాల మీద కూర్చుని చాంపియన్ అయ్యాడు. మూకీల కాలంలో హీరో వేషాలు వేశాడు. టాకీలు వచ్చాక గొంతు సహకరించలేదు. అప్పుడు ఒంటినే నమ్ముకున్నాడు. 1930ల మొదట్లో జాన్ వేన్‌కు డూప్‌గా చేస్తూ, దర్శకుడు రాబర్ట్ బ్రాడ్‌బరీతో కలిసి తెర మీద గుద్దులాట తీరునే మార్చాడు. అంతకుముందు నటులు ఒకరి భుజాల మీద ఒకరు కొట్టుకునేవాళ్ళు, అది చూడ్డానికీ అలాగే ఉండేది. వీళ్ళు పిడికిలిని గడ్డం పక్కనుంచి పోనిచ్చి, తగిలినట్టే కనబడేలా కెమెరాను ఒక మూల నిలబెట్టారు. ఇవాళ మన ఫైట్ మాస్టర్లు చేయించే ప్రతి గుద్దులోనూ ఆ లెక్క ఉంది.

1939లో ఆయన చేసిన పని నేను ఎన్నిసార్లు చూసినా గుండె ఆగినట్టవుతుంది. ఆ ఏడాది వచ్చిన జాన్ ఫోర్డ్ ‘స్టేజ్‌కోచ్’లో అపాచీ వేషంలో ఉన్న కనట్ తన గుర్రం మీద నుంచి బండి లాగే ముందు జోడీ మీదకు దూకుతాడు. తుపాకి దెబ్బ తగులుతుంది. రెండు గుర్రాల మధ్య కిందకు జారి, నొగ పట్టుకుని నేల మీద ఈడ్చుకుపోతూ, పట్టు వదిలేస్తాడు. మిగతా గుర్రాలు, ఆ వెనక బండి ఆయన మీదుగా వెళ్ళిపోతాయి. అదే ఏడాది చివర్లో వచ్చిన రిపబ్లిక్ సీరియల్ ‘జోరోస్ ఫైటింగ్ లీజియన్’లో అదే పని ముసుగుతో చేశాడు, ఇంకో మెట్టు కలిపి. గుర్రాల మధ్య జారి, బండి కిందనుంచి పోయి, వెనకభాగం అందిపుచ్చుకుని మళ్ళీ పైకెక్కుతాడు. జోరోగా పేరు పడింది రీడ్ హాడ్లీకి. పొడుగు మనిషి, కంచు కంఠం, మాటల సన్నివేశాల్లో నిండుగా ఉంటాడు. కానీ ఆ బండి కింద ఉన్నది కనట్.

ఇది మొండి ధైర్యంతో అయ్యే పని కాదు. గుర్రాల మధ్య మనిషి పట్టేంత ఎడం ముందే కొలిచి కట్టాలి. గుర్రాలు నెమ్మదిగా పోతే అటూ ఇటూ ఒరుగుతాయి, జోరుగా పోతే తిన్నగా పోతాయి. కాబట్టి ప్రాణానికి రక్షణ కావాలంటే వేగం పెంచాలి. చూసేవాడికి ప్రమాదంగా కనబడే ఆ వేగమే లోపలి మనిషిని కాపాడుతుంది. పట్టు వదిలే క్షణంలో కాళ్ళు దగ్గరగా, చేతులు ఒంటికి ఆనించి బాణంలా ఉండాలి. మోచెయ్యి బయటికొస్తే చక్రం దాని మీదుగా పోతుంది. గుర్రం మీద నుంచి పడేటప్పుడు పాదం ఇరుక్కోకుండా జారిపోయేలా రికాబును కూడా కనట్ మార్చి చేయించుకున్నాడు. ఒక వడ్రంగి తన బాడిసను తనే సానపెట్టుకున్నట్టు, ఆయన తన పనిముట్లను తనే తయారుచేసుకున్నాడు. 1981లో వచ్చిన ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’లో లారీ కిందనుంచి ఈడ్చుకుపోయే దృశ్యం చేసిన టెరీ లెనర్డ్ ఈ పాత పనికి దండం పెట్టినట్టే చేశాడు.

చాలా వారాలు చూస్తే ఎవరి ఒళ్ళు ఎవరిదో తెలిసిపోతుంది. కనట్ గుర్రమెక్కేటప్పుడు బరువంతా ఒక్కసారి పైకి లేచి, చప్పుడు లేకుండా జీను మీద వాలుతుంది. డేవిడ్ షార్ప్ సన్నగా చురుగ్గా ఉంటాడు, బల్ల మీద నుంచి ఎగిరితే గాలిలో ఒక మలుపు తిరిగిగాని దిగడు. టామ్ స్టీల్ భుజాలు వెడల్పు, గుద్దు విసిరితే నడుము నుంచి వస్తుంది. సంగీతం తెలిసినవాళ్ళు రెండు స్వరాలు వినగానే పాడేదెవరో చెప్పేస్తారు. ఈ గుర్తింపులోనూ అలాంటి సంతోషమే ఉంది. ముసుగు ఉన్నందువల్లే ఈ చూపు అలవడింది. ముఖం లేనప్పుడు కన్ను భుజం మీదకు, మెడ మీదకు, మోకాలి మీదకు పోతుంది.

విట్నీకి ఈ చూపు ఎక్కడినుంచి వచ్చిందో ఆయనే చెప్పుకున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళకే దర్శకుడైన మనిషి. అప్పట్లో తన్నులాట తీయడమంటే కెమెరా పెట్టి అందరినీ ఒకరి మీదకు ఒకరిని తోలడమే. అర నిమిషంలో అందరూ అలసిపోయేవారు, దెబ్బలు గాలిలో పోయేవి. ఒకసారి బస్బీ బర్కిలీ నాట్యం తీయించే చోటికి వెళ్ళాడు. బర్కిలీ నాట్యాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను అచ్చంగా కుదిరేదాకా సాధన చేయించి తీస్తున్నాడు. గుద్దులాటను కూడా ఇలాగే తీయాలని విట్నీకి తోచింది. రెండు గుద్దులు, ఒక పల్టీ, కట్. కెమెరా మార్చి ఇంకో రెండు గుద్దులు. ప్రతి ముక్కకూ మనిషి తాజాగా ఉంటాడు. పోరాటానికి నాట్యంలా ఒక లయ వచ్చింది. ఫైటును కంపోజ్ చేయడమని మనం ఇప్పుడు మామూలుగా అనేది ఆ రోజుల్లో కొత్త ఆలోచన.

ముసుగు వల్ల ఒక విచిత్రం కూడా జరిగింది. 1944లో రిపబ్లిక్ వాళ్ళు ‘జోరోస్ బ్లాక్ విప్’ తీశారు. పేరులో జోరో ఉన్నా కథలో లేడు. కొరడా పట్టుకుని నల్లముసుగులో తిరిగేది ఒక యువతి, పాత్రధారిణి లిండా స్టెర్లింగ్. ఆమెకు డూప్‌గా గుర్రం మీద ఉన్నది బేబ్ డిఫ్రీస్ట్ అనే స్త్రీ. పదేళ్ళ తర్వాత సీరియళ్ళకు డబ్బు కరువైంది. 1954లో ‘మ్యాన్ విత్ ద స్టీల్ విప్’ తీసేటప్పుడు కొత్తగా గుర్రాలు పరుగెత్తించే శక్తి లేక, పాత జోరో సీరియళ్ళ ముక్కలను తెచ్చి అతికించారు. పాత దృశ్యాలతో కలవాలని కొత్త హీరోకూ అదే నల్లబట్టలు, అదే ముసుగు. శ్రద్ధగా చూస్తే ఒకే వెంటాడే దృశ్యంలో హీరో ఒళ్ళు మారిపోతుంది. ఒక షాటులో రిచర్డ్ సిమన్స్, ఇంకో షాటులో పదిహేనేళ్ళ కిందటి మరో మనిషి, ఇంకో షాటులో ఒక స్త్రీ. ఈ సీరియల్‌ను పొదుపు పనికి ఉదాహరణగా చెప్పి నవ్వేవాళ్ళున్నారు. నాకు ఇది చూస్తే కళ్ళు చెమరుస్తాయి. టైటిళ్ళలో పేరు లేని ఆడమనిషి స్వారీ ఎంత గట్టిదంటే, పదేళ్ళ తర్వాత మగవీరుడికి అరువిచ్చినా చెల్లింది.

ఈ సీరియళ్ళలో నేను మనసారా చూడలేనివీ ఉన్నాయి. గుర్రాలను పడేసిన తీరు అందులో మొదటిది. రన్నింగ్ డబ్ల్యూ అనే పద్ధతిలో గుర్రం ముంగాళ్ళకు తీగలు కట్టి, జీను పట్టీ కింది కడియంలోంచి పోనిచ్చి, రెండో కొసను నేలలో పాతిన మేకుకు బిగించేవాళ్ళు. గుర్రం పూర్తి వేగంలో ఉండగా తీగ అయిపోతుంది, ముంగాళ్ళు ఒక్కసారి వెనక్కి లాగబడతాయి. మనిషికి పడటం తెలుసు, గుర్రానికి తెలియదు. కనట్ కూడా ఈ పద్ధతి వాడినవాడే. 1939 నాటి ‘జెస్సీ జేమ్స్’ షూటింగులో కొండ మీద నుంచి నదిలోకి పడేసిన గుర్రం చచ్చిపోయాక జనం కోపం కట్టలు తెగింది. ఆ తర్వాతే అమెరికన్ హ్యుమేన్ సంస్థ షూటింగుల దగ్గర కాపలా మొదలుపెట్టింది. అంతకుముందు పడిన గుర్రాలు ఈ సీరియళ్ళలో ఇంకా పడుతూనే ఉన్నాయి. ఆ షాటు వస్తుందని తెలిసినప్పుడు నేను చూపు పక్కకు తిప్పుకుంటాను.

టోంటో చేత పలికించిన తునిగిన ఇంగ్లిష్ రెండోది. 1949 నుంచి టెలివిజన్‌లో ఆ వేషం వేసిన జే సిల్వర్‌హీల్స్ కెనడాలోని సిక్స్ నేషన్స్ నేల మీద పుట్టిన మోహాక్ జాతివాడు, గొప్ప ఆటగాడు, అందగాడు, నిబ్బరమైన నటుడు. అలాంటివాడి నోటికి క్రియలు లేని వాక్యాలు అందించారు. ముసుగు వేసుకున్నవాడికి నిండు మాటలు, ముఖం చూపించినవాడికి అరకొర మాటలు.

తెర బయట ముసుగు ఎవరి సొత్తు అన్న తగాదా కూడా వచ్చింది. టెలివిజన్ లోన్ రేంజర్ క్లేటన్ మూర్ రిపబ్లిక్ సీరియళ్ళలో కాకలుతీరినవాడు. ఆట ముగిసిన ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా ఊరూరా ఆ మాస్కుతో పిల్లలను పలకరించేవాడు. హక్కులున్న కంపెనీ 1979లో కోర్టుకు వెళ్ళి, బయట ఆ మాస్కు పెట్టుకోకుండా ఆపించింది. ఆయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తిరిగాడు. కొన్నేళ్ళకు కంపెనీ వెనక్కి తగ్గింది. మూర్‌కు జరిగింది అన్యాయమే, కానీ ఆయన కోసం జనం గొంతెత్తారు. ముసుగుతో గుర్రాల మీద నుంచి పడిన డూప్‌ల కోసం అలా ఎత్తిన గొంతు లేదు.

1943లో ‘ది మాస్క్‌డ్ మార్వెల్’ అని రిపబ్లిక్ ఇంకో సీరియల్ తీసింది. కౌబాయ్ కథ కాదు, ఊళ్ళో నడిచే కథ. అయినా లోన్ రేంజర్ సూత్రమే. నలుగురు యువకుల్లో ముసుగువీరుడెవరు? ముసుగులో కనబడేది పన్నెండు భాగాలూ టామ్ స్టీలే. హీరో పాత్రే అతనిది. టైటిళ్ళలో అతని పేరు లేదు.

మన దగ్గర ఈ సంప్రదాయం రెండు దారుల్లో వచ్చింది. బొంబాయిలో వాడియా సోదరులు 1935లో తీసిన ‘హంటర్‌వాలీ’లో ముసుగు వేసుకుని కొరడా పట్టిన ఫియర్‌లెస్ నాడియా డూప్ లేకుండా తనే దూకింది. తెలుగులో 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’ రాజస్థాన్ ఇసుకలో గుర్రాలు పరుగెత్తించింది. అది ఇటలీ కౌబాయ్‌ల పరంపర, ముసుగు అక్కర్లేనిది. ముసుగు, గుర్రం కలిసి కావాలంటే 1990 నాటి ‘కొండవీటి దొంగ’ ఉంది. వీటిలో హీరోల పేర్లు పిల్లలకు కూడా తెలుసు. వాళ్ళ గుర్రాలు ఎవరు తోలారో, ఎవరు పడ్డారో అడిగితే సినిమా పిచ్చి ఉన్నవాళ్ళే తడుముకుంటారు.

కనట్‌కు 1967లో ఆస్కార్ వాళ్ళు గౌరవ పురస్కారం ఇచ్చారు, అప్పటికి ఆయనకు డెబ్భై దాటింది. ‘బెన్‌హర్’ రథాల పందెం నడిపించింది కూడా ఆయనే. రథం మీద నుంచి ఎగిరిపడింది ఆయన కొడుకు జో. స్టంట్‌కు ఏటేటా ఒక అవార్డు ఉండాలన్న మాట ఒప్పుకోవడానికి మాత్రం అకాడమీకి 2025 దాకా పట్టింది. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి ‘స్టంట్ డిజైన్’కు ఆస్కార్ ఇస్తామని ఆ ఏప్రిల్‌లో ప్రకటించారు. ప్రకటనతో పాటు పెట్టిన బొమ్మల్లో ‘ఆర్ఆర్ఆర్’ది కూడా ఉంది. రాజమౌళి సంతోషం పంచుకున్నారు, నాకూ సంతోషమేసింది. కాకపోతే నాదొక కోరిక. మన సినిమా ఏదైనా ఆ పోటీకి వెళ్ళినప్పుడు, ఆ పనిని ఊహించినవాళ్ళ పక్కన దాన్ని ఒంటితో చేసి చూపినవాళ్ళ పేర్లూ ఉండాలి. ఆస్కార్ నియమాలు అందుకు చోటివ్వకపోతే మన టైటిళ్ళలో వేసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. హీరో పేరు వేసినంత పెద్ద అక్షరాల్లో కాకపోయినా, చదవడానికి వీలయ్యేంతసేపు.